సాధన మొదలుపెట్టాలనుంది, నాలుగుసార్లు ఆగిపోయాను. మనసును ముందు ఎలా సిద్ధం చేసుకోవాలి?

కొత్తబాటసారి · మొదటి రోజు, రాత్రి 10:52

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదివి వెళ్లిపోయేవాడిని, రాయడం ఇదే మొదలు. వయసు 38. ఉద్యోగం, భార్య, ఇద్దరు పిల్లలు. పైకి చెప్పుకోదగ్గ కష్టమేమీ లేదు. అయినా ఏడాదిగా లోపల ఏదో వెలితి. పని అయిపోయి ఫోన్ పక్కన పెట్టగానే అది మొదలవుతుంది.

పుస్తకాలు పదిహేను దాకా కొన్నాను. వీడియోలకైతే లెక్కే లేదు. ఒకాయన జపం అంటాడు, ఇంకొకాయన శ్వాసను గమనించు చాలంటాడు, మరొకాయన "నేనెవరు" అని అడుగు, మిగతావన్నీ దండగ అంటాడు. ఎవరిది వింటుంటే వాళ్లదే నిజమనిపిస్తుంది. ఇప్పటికి నాలుగుసార్లు మొదలుపెట్టాను. తెల్లవారుజామున లేవాలి, స్నానం చేసి గంట కదలకుండా కూర్చోవాలి, సాయంత్రం ఇంకో అరగంట చదవాలి అని టైం టేబుల్ వేసుకుంటాను. ఎక్కువగా నిలబడింది పదకొండు రోజులు. ఒక్కరోజు తప్పితే చాలు, నామీద నాకే చిరాకేసి మొత్తం వదిలేస్తాను.

నాకు ఈ అర్హత లేదా? ముందు మనసు బాగుపడ్డాక మొదలుపెట్టాలా, మొదలుపెడితే బాగుపడుతుందా? గురువు లేకుండా కుదురుతుందా?

మెట్టవేదాంతి · మొదటి రోజు, రాత్రి 11:05

పదిహేను పుస్తకాల్లో పధ్నాలుగు ఎవరికైనా ఇచ్చెయ్యండి. ఆ పదిహేనోది కూడా నెలరోజులు తెరవకండి. మీకు ఉన్నది జ్ఞానం కొరత కాదు, అజీర్తి.

పాతకాపు · రెండో రోజు, ఉదయం 6:20

మెట్టవేదాంతి గారి మందు చేదుగా ఉన్నా తప్పు కాదు. నేను కాస్త వివరంగా రాస్తాను.

బాటసారి గారూ, ఏది చెయ్యాలి అని అడిగారు. ఎందుకు చెయ్యాలనుకుంటున్నారో రాయలేదు. ఏడాదిగా వెలితి అన్నారు కదా, ఏడాది కిందట ఏం జరిగింది? ఇది మీ ఇంటి విషయాల్లోకి తొంగిచూడటానికి కాదు. మన పెద్దలు వైరాగ్యాన్ని వెక్కిరిస్తూ మూడు రకాలు చెప్పారు. పురాణం వింటున్నంతసేపు ఉండి, బయటికొచ్చి చెప్పులు వేసుకోగానే పోయేది పురాణ వైరాగ్యం. పురిటి నొప్పుల్లో ఇక ఈ సంసారం వద్దనిపించి, బిడ్డ మొహం చూడగానే మరిచిపోయేది ప్రసూతి వైరాగ్యం. చితి దగ్గర నిలబడి ఇంతేగా బతుకు అనుకుని, ఇంటికొచ్చాక మళ్లీ ఆస్తి తగాదాల్లో పడేది శ్మశాన వైరాగ్యం. వీటిలో అబద్ధం ఏదీ లేదు, ఆ క్షణానికి అది నిజమే. నిలవదు, అంతే. మన సాధన ఆ ఊపు మీద నడుస్తుంటే, ఊపు తగ్గిన రోజున ఆగిపోతుంది. మీ పదకొండు రోజుల లెక్క అదేనేమో చూడండి.

ఇక "ముందు మనసు బాగుపడాలా" అన్న ప్రశ్న. ఇది మీకంటే ముందు అర్జునుడు అడిగాడు. గీత ఆరో అధ్యాయం 34వ శ్లోకంలో, ఈ మనసు చంచలం, మొండిది, దీన్ని పట్టడం గాలిని పట్టడం లాంటిదయ్యా అని చేతులెత్తేస్తాడు. చాలామంది తర్వాతి శ్లోకంలో అభ్యాసం, వైరాగ్యం అన్న రెండు మాటలు పట్టుకుని దాని మొదటి మాట దాటేస్తారు. కృష్ణుడి జవాబు "అసంశయం" అని మొదలవుతుంది. సందేహమే లేదు, నువ్వన్నది నిజమే, పట్టడం కష్టమే అని. నీకు అర్హత లేదు పొమ్మనలేదు, నాలుగు రోజుల్లో లొంగుతుందనీ నమ్మబలకలేదు. కష్టమని ఒప్పుకుని ఆ తర్వాతే ఉపాయం చెప్పాడు. మీరు ఆ ఒప్పుకోలు వదిలేసి నేరుగా టైం టేబుల్ దగ్గరికి వెళ్తున్నారు.

కొత్తబాటసారి · రెండో రోజు, మధ్యాహ్నం 1:40

పాతకాపు గారూ, మీ ప్రశ్న పొద్దుట్నుంచి వెంటాడుతోంది. నాన్న పోయి ఏడాది దాటింది. ఆఖరి రెండు వారాలు నేను ఆసుపత్రిలో పక్కనే ఉన్నాను, కానీ సగం సమయం ఫోన్‌లో ఆఫీసు మెయిళ్లు చూసుకుంటూ. ఒకరోజు ఆయన ఏదో అన్నారు, నేను వినిపించుకోలేదు. ఏమన్నారని అడిగితే "ఏం లేదులే" అన్నారు. అదేమిటో ఇప్పటికీ తెలీదు.

అంటే నాది శ్మశాన వైరాగ్యమేనా?

పాతకాపు · రెండో రోజు, మధ్యాహ్నం 2:15

ఏడాది తర్వాత కూడా మిమ్మల్ని ఇక్కడ రాయించిందంటే ఉత్త శ్మశాన వైరాగ్యం కాదు బాబూ. పొద్దున కొంచెం కటువుగా రాశాను, ఏమనుకోకండి. కానీ మీకు తెలియకుండానే ఒక సంగతి చెప్పేశారు. మీకు కావలసింది గంటసేపు కదలకుండా కూర్చోవడం కాకపోవచ్చు. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే అక్కడ ఉండటం కావచ్చు. కూర్చోవడం దానికి కసరత్తు.

ఇంటిదీపం · రెండో రోజు, రాత్రి 9:30

తమ్ముడూ, మీకంటే పదేళ్లు పెద్దదాన్ని కాబట్టి అలా పిలుస్తున్నాను.

ఇక్కడ మగవాళ్లంతా తెల్లవారుజాము గురించి రాస్తుంటే నాకు నవ్వొస్తుంది. మీరు కళ్లు మూసుకున్న ఆ గంటలో పిల్లలను లేపి స్కూలుకు తయారుచేసేది ఎవరు? మా ఇంట్లో మొదటి ఐదేళ్లు ఆయన ధ్యానం చేసేవారు, నేను ఆయన ధ్యానానికి కాపలా కాసేదాన్ని. బిడ్డ ఏడిస్తే "ష్" అనడమే నా సాధన.

తర్వాత నేనూ మొదలుపెట్టాను. ఎంతసేపో తెలుసా? ఏడు నిమిషాలు. బట్టలు మడతపెట్టే ముందు అదే మంచం మీద. మొదట్లో ఒక ఘనకార్యం చేశాను, అది చెప్పకపోతే మీకు ఉపయోగం ఉండదు. ఆ ఏడు నిమిషాల మధ్యలో మా చిన్నాడు తలుపు తీస్తే, వాడి మీద అరిచిన అరుపుకు వాడు ఆ సాయంత్రమంతా నా దగ్గరికి రాలేదు. ప్రశాంతత కోసం కూర్చున్నదాన్ని, ప్రశాంతతకు అడ్డొచ్చాడని పిల్లాడిని బెదరగొట్టాను! అప్పుడు తెలిసింది, నేను ఆ ఏడు నిమిషాలను నా సొత్తు అనుకున్నానని. చీర కొన్నట్టు, నగ కొన్నట్టు, ఇది నాది, ఎవరూ ముట్టుకోకూడదు.

ఇప్పుడు ఎవరైనా తలుపు తీస్తే కళ్లు తెరిచి "ఏంటి నాన్నా" అంటాను. పని చూసి మళ్లీ కూర్చుంటాను. ఒక్కోరోజు మళ్లీ కూర్చోవడం కుదరదు. పోనీ.

మొదలుపెట్టే ముందు మీ ఆవిడతో ఒక మాట మాట్లాడండి. ఏ సమయమైతే ఆవిడ నెత్తిన అదనపు పని పడదో అడగండి. నా మట్టుకు నాకు, సాధనలో మొదటి మెట్టు అదే.

సందేహాలరావు · మూడో రోజు, ఉదయం 8:10

మధ్యలో దూరుతున్నాను, కోప్పడకండి. నేను నమ్మనివాణ్ణి. కళ్లు మూసుకుని శ్వాస చూసుకుంటే టెన్షన్ తగ్గుతుంది, ఒప్పుకుంటాను. దానికి ఆధ్యాత్మికం, ఆత్మ, మోక్షం అని ఇంత పెద్ద పేర్లెందుకు? ప్రతి పుస్తకంలోనూ మొదటి షరతు "శ్రద్ధ ఉండాలి". అంటే ప్రశ్నించకుండా నమ్మాలనే కదా. నమ్మాక కనిపించేది రుజువెలా అవుతుంది?

అక్షరభిక్షువు · మూడో రోజు, ఉదయం 9:45

రావు గారూ, మంచి ప్రశ్న. కానీ శ్రద్ధ అనే మాటకు మనం రోజూ వాడే అర్థం ఒకసారి చూడండి. "పని శ్రద్ధగా చెయ్యి" అంటాం. అక్కడ నమ్మకం ఏముంది? మనసు పెట్టు అనే కదా. వేదాంతంలో సాధన చతుష్టయం అని నాలుగు చెబుతారు. ఏది నిలుస్తుందో ఏది నిలవదో తేల్చుకునే వివేకం, వైరాగ్యం, మనసును, ఇంద్రియాలను అదుపులో పెట్టుకునే శమ దమాలు మొదలైన ఆరు సంపదలు, చివరిది ముముక్షుత్వం, అంటే విడుదల కావాలన్న తపన. శ్రద్ధ ఆ ఆరింటిలో ఒకటి. శాస్త్రం, గురువు చెప్పినది నిజమన్న నిశ్చయం అని దానికి నిర్వచనం. నిజమే, అందులో నమ్మకం ఉంది. అయితే అది వైద్యుడి మీద నమ్మకం లాంటిది. మందు వేసుకోకుండా పనిచేస్తుందో లేదో తెలీదు కాబట్టి, ముందు వేసుకుని చూసేటంత నమ్మకం. అంతకుమించి అడిగితే మీ సందేహమే సరైనది.

ప్రశ్నించడం తప్పు కాదనడానికి మీకు నచ్చే ఉదాహరణ ఒకటుంది. రామకృష్ణ పరమహంస డబ్బు తాకలేరని విని నరేంద్రుడు నమ్మలేదు. ఆయన లేని సమయంలో పరుపు కింద ఒక నాణెం దాచాడు. ఆయన వచ్చి కూర్చోగానే బాధతో లేచిపోయారని, సంగతి తెలిశాక శిష్యుణ్ణి తిట్టకపోగా పరీక్షించమనే ప్రోత్సహించారని జీవితచరిత్రల్లో ఉంది. ఆ నరేంద్రుడే తర్వాత వివేకానందుడు. నాణెం కథను మీరు నమ్మక్కర్లేదు. శిష్యుడి అనుమానాన్ని గురువు ఎలా తీసుకున్నాడన్నదే నేను చెప్పదలచింది.

కాలినచెయ్యి · మూడో రోజు, మధ్యాహ్నం 12:30

అక్షరభిక్షువు గారు రాసింది గురువు ఎలా ఉండాలో. ఎలా ఉండకూడదో నేను రాస్తాను, ఆ అనుభవం నాకుంది.

మూడేళ్లు ఒకాయన దగ్గర ఉన్నాను. పేరు, ఊరు చెప్పను. మొదటి ఆర్నెల్లు అంత ప్రేమగా నన్ను ఎవరూ చూడలేదు. తర్వాత మెల్లగా "నీ పాత స్నేహితుల తరంగాలు మంచివి కావు" అన్నారు. ఆ తర్వాత అన్నయ్యతో మాట్లాడటం తగ్గించమన్నారు. డబ్బు అడగలేదు, "నీకే ఇవ్వాలనిపిస్తుంది" అన్నారు. నిజంగానే అనిపించింది! అనుమానం వచ్చిన ప్రతిసారీ "అది నీ అహంకారం" అనే జవాబు. ఆ ఒక్క మాటతో నా బుర్రకు తాళం వేశారు. బయటికి వచ్చాక రెండేళ్లు దేవుడు అన్న మాట వింటేనే వణుకు.

బాటసారి గారూ, మీరిప్పుడు వెలితిలో ఉన్నారు, నాన్నగారు పోయిన బాధలో ఉన్నారు. ఇలాంటప్పుడే మనం ఎవరి కాళ్లయినా పట్టుకుంటాం. ఇంట్లోవాళ్లకు దూరం చేసేవాడు, వేరేచోట వినొద్దనేవాడు, ప్రశ్నను పాపం చేసేవాడు, రహస్యంగా ఉంచమనేవాడు కనిపిస్తే లేచి వచ్చెయ్యండి. గురువు కోసం తొందరపడకండి. ఎక్కడికైనా వెళ్లినా పాతికేళ్లుగా ఆయన పక్కనున్నవాళ్లు ఎలా ఉన్నారో చూడండి. మెత్తబడ్డారా, బిగుసుకుపోయారా?

మెట్టవేదాంతి · మూడో రోజు, రాత్రి 10:20

ఏడు నిమిషాలు, భార్య అనుమతి, గురువుకు పరీక్షలు... ఇదంతా వాయిదా వేసే పద్ధతి. రమణ మహర్షికి 1896లో, పదహారేళ్ల వయసులో, తమిళనాడులోని మదురైలో ఒక్క మధ్యాహ్నం కొద్ది నిమిషాల్లో జరిగిపోయింది. చావు భయం పట్టుకుంది, చచ్చేదెవరని చూశాడు, అయిపోయింది. ఏ టైం టేబుల్ వేసుకున్నాడు? తీవ్రత ఉంటే ఒక్క క్షణం చాలు. లేకపోతే ముప్ఫై ఏళ్లు కూర్చున్నా మోకాళ్లు అరగడమే.

పాతకాపు · నాలుగో రోజు, ఉదయం 6:05

వేదాంతి గారూ, ఆ మధ్యాహ్నం మాట నిజమే. మరి తర్వాతి కథ ఎందుకు వదిలేశారు? కొన్ని వారాలకు ఆ కుర్రాడు ఇల్లు వదిలి అరుణాచలం చేరాడు. మొదట్లో ఒంటిమీద పురుగులు కుడుతున్నా తెలియని స్థితిలో అక్కడి గుడిలోని పాతాళలింగం దగ్గర కూర్చున్నాడు. 1899 నుంచి 1916 వరకు విరూపాక్ష గుహ. 1922 దాకా స్కందాశ్రమం. 1950లో దేహం చాలించేదాకా ఆ కొండను విడిచి వెళ్లలేదు. అక్కడ వంటింట్లో కూరలు తరిగాడు, పుస్తకాల ప్రూఫులు దిద్దాడు. ఆయనకు అది సాధన కాకపోవచ్చు, ఒప్పుకుంటాను. కానీ ఆయన దగ్గరికి వచ్చి, ఇల్లూ ఉద్యోగం వదిలేస్తామన్న గృహస్థులకు ఆయన తరచుగా ఏం చెప్పాడో కూడా మీకు తెలుసు. ఉన్నచోటే ఉండి చూడమన్నాడు.

కోట్లలో ఒకరికి జరిగినదాన్ని కొలబద్దగా పెట్టుకుంటే మిగతావాళ్లకు మిగిలేది సిగ్గు ఒక్కటే. బాటసారి గారికి అది ఇప్పటికే దండిగా ఉంది.

మెట్టవేదాంతి · నాలుగో రోజు, ఉదయం 7:30

సిగ్గు సంగతి ఒప్పుకుంటున్నాను. తీవ్రత సంగతి ఒప్పుకోను.

రాత్రిడ్యూటీ · నాలుగో రోజు, ఉదయం 8:50

నేను మానసిక వైద్య విభాగంలో నర్సును. ఒక చిన్న హెచ్చరిక. తీవ్రత అనే మాట విని కొందరు నిద్ర, తిండి మానేసి రోజుకు పది గంటలు కూర్చుంటారు. కొద్దిమందిలో అది భయాలకు, భ్రమలకు దారితీస్తుంది, ముఖ్యంగా ముందే మానసిక సమస్య ఉన్నవాళ్లలో. వాడుతున్న మందులు మాత్రం సొంతంగా ఆపకండి. అలాగే ఏ పనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం, బతకాలనిపించకపోవడం, ఇవి వైరాగ్యం కాదు. డిప్రెషన్ కావచ్చు. బాటసారి గారూ, అలాంటివేమైనా ఉంటే ముందు డాక్టర్‌ను కలవండి. ధ్యానం ఎక్కడికీ పోదు.

కొత్తబాటసారి · నాలుగో రోజు, రాత్రి 9:15

నర్సు గారికి: నిద్ర, పని, ఆకలి బాగానే ఉన్నాయి. అడిగినందుకు చాలా థాంక్స్.

అక్కా, మీరన్నట్టు మా ఆవిడను అడిగాను. ఆవిడ కాసేపు నావైపు చూసి, "ఇన్నిసార్లు మొదలుపెట్టావు, నన్ను అడగడం ఇదే మొదటిసారి" అంది. రాత్రి పిల్లలు పడుకున్నాక పది నిమిషాలు అనుకున్నాం. శ్వాస ఒక్కటే. పుస్తకాలన్నీ అటక మీద. రేపటి నుంచి.

మెట్టవేదాంతి · నాలుగో రోజు, రాత్రి 9:18

రేపటి నుంచా?

కొత్తబాటసారి · నాలుగో రోజు, రాత్రి 9:40

కూర్చుని వచ్చాను సార్.

కొత్తబాటసారి · పదహారో రోజు, రాత్రి 10:30

పన్నెండు రోజులు అయ్యాయి, రెండు తప్పాయి. ఈసారి వదిలెయ్యలేదు. కానీ నిజం చెప్పాలి, పరమ విసుగ్గా ఉంది. మొదటి నాలుగు రోజులు ఏదో హాయి. ఇప్పుడు ఏమీ లేదు. మూడున్నర నిమిషాలకే కళ్లు తెరిచి టైమర్ చూస్తున్నాను. ఇంకా ఆరున్నర నిమిషాలు. మళ్లీ చూస్తాను, ఇంకా ఆరు. నేనేదో తప్పు చేస్తున్నట్టున్నాను. పద్ధతి మార్చాలా? జపానికి వెళ్లనా?

మోకాళ్లప్రార్థన · పదిహేడో రోజు, ఉదయం 5:50

సోదరా, నేను క్రైస్తవ విశ్వాసిని, నా దారి వేరు. అయినా మీ టైమర్ సంగతి చదివి ఊరుకోలేకపోయాను. పదహారో శతాబ్దంలో స్పెయిన్‌లో అవిలా తెరేసా అనే సన్యాసిని ఉండేది. ప్రార్థన గురించి ఆమె రాసినవాటిని ఈనాటికీ చదువుతారు. ఆమే తన జీవితకథలో ఏం ఒప్పుకుందో తెలుసా? ప్రార్థనకు పెట్టుకున్న గంట ఎప్పుడు అయిపోతుందా, గడియారం ఎప్పుడు మోగుతుందా అని చెవి అటే ఉండేదట. ఒకటి రెండు రోజులు కాదు, కొన్నేళ్లు. ఆ కాలంలో ప్రార్థన గదిలోకి వెళ్లాలంటేనే దిగులు ముంచుకొచ్చేదనీ రాసుకుంది.

మా సంఘంలో దీన్ని ఎండకాలం అంటుంటాం. మొదట్లో వచ్చే హాయి పిల్లలకిచ్చే మిఠాయి లాంటిది. అది ఆగినప్పుడే, మనం వచ్చింది మిఠాయి కోసమా, ఇచ్చే చెయ్యి కోసమా అన్నది బయటపడుతుంది. నాకు మూడేళ్లు ఆ ఎండ ఉంది. అప్పుడప్పుడు ఇప్పటికీ.

పాతకాపు · పదిహేడో రోజు, ఉదయం 6:30

అమ్మా, చక్కగా రాశారు. పతంజలి యోగసూత్రాల్లో కూడా దీనికి చోటుంది. మొదటి పాదం ముప్ఫయ్యో సూత్రం తొమ్మిది అడ్డంకులు చెబుతుంది. రోగం, మందకొడితనం, సంశయం, ఏమరుపాటు, సోమరితనం, విషయాల మీద ఆశ, భ్రమను చూసి సత్యమనుకోవడం, మెట్టు అందకపోవడం, అందిన మెట్టు మీద నిలవలేకపోవడం. నాకు బాగా నచ్చేది ఆ వరసే. మొదటిది పాపమో, అహంకారమో కాదు, ఒంట్లో బాగోలేకపోవడం! రాసినాయన మనుషుల్ని దగ్గరగా చూసినవాడు. ఇక చివరి రెండూ చూడండి. మొదటి నాలుగు రోజుల హాయి తర్వాత అది జారిపోవడం ఆ తొమ్మిదోదే. కొత్త జబ్బేమీ కాదు.

పద్ధతి మార్చాలా అంటే, విసుగు వచ్చిందని మాత్రం మార్చకండి. జపానికి వెళ్తే పదమూడో రోజుకు అక్కడా ఇదే విసుగు. మీకు ఏ పద్ధతిలోనూ పదకొండో రోజు దాటాక ఏముంటుందో ఇంతవరకు తెలీదు. ఇప్పుడే ఆ గీత దాటారు.

ఇంటిదీపం · పదిహేడో రోజు, మధ్యాహ్నం 3:00

ఫోన్ బోర్లా పెట్టు తమ్ముడూ. సగం జబ్బు పోతుంది.

కొత్తబాటసారి · యాభై రెండో రోజు, రాత్రి 11:10

చాలా రోజులైంది. ఎవరైనా ఇంకా చూస్తున్నారో లేదో.

నలభై ఎనిమిది రోజుల్లో ఏడు తప్పాయి. వెలుగులు, శబ్దాలు ఏమీ లేవు. పది నిమిషాల్లో శ్వాస మీద నిజంగా ఉండేది ఏ ఒకటిన్నర నిమిషమో. మిగతాదంతా ఆఫీసు, ఈఎంఐ, నాన్న. నాన్న చాలా వస్తున్నారు. మొదట్లో తోసేసేవాణ్ణి, ఇప్పుడు రానిస్తున్నాను. రెండుసార్లు ఏడ్చాను.

ఒకటి మాత్రం జరిగింది. మొన్న మా అమ్మాయి తన స్నేహితురాలితో గొడవ గురించి చెబుతోంది. నా చేతిలో ఫోన్ ఉంది, మెయిల్ వచ్చిన చప్పుడైంది. వేలు కదిలింది. కదలడం తెలిసింది. పక్కన పెట్టేశాను. అది ఇరవై నిమిషాలు చెప్పింది. అంతా విన్నాక సలహా ఇవ్వబోతే, "సలహా అడగలేదు నాన్నా, ఊరికే చెప్తున్నా" అంది.

పాతకాపు · యాభై మూడో రోజు, ఉదయం 6:00

చూస్తున్నాం బాబూ.

మెట్టవేదాంతి · యాభై మూడో రోజు, ఉదయం 6:40

ఆ వేలు కదలడం తెలిసింది చూడండి, నేను తీవ్రత అన్నది దాన్నే. పాతకాపు గారు ఒప్పుకోరు.

పాతకాపు · యాభై మూడో రోజు, ఉదయం 6:44

ఒప్పుకోను.

సందేహాలరావు · యాభై మూడో రోజు, రాత్రి 10:05

ఊరికే అడుగుతున్నాను, మరోలా అనుకోకండి. కింద కూర్చుంటే నాకు మోకాళ్లు పట్టేస్తున్నాయి. కుర్చీలో కూర్చోవచ్చా?

ఇంటిదీపం · యాభై మూడో రోజు, రాత్రి 10:07

కూర్చోండి రావు గారూ. ఫోన్ మాత్రం బోర్లా.